పంతొమ్మిది చీమలు

ఎనిమిది నెలల మౌనం తర్వాత మా నాన్న నాతో అన్న మొదటి మాట, "చెయ్యి చూపించండి."

పైగా 'అండి' ఒకటి! పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను 'ఏమే' అని తప్ప పిలిచింది లేదు.

పొద్దున ఏడుంపావు. ఆసుపత్రి వెనకవైపు, సిబ్బంది వచ్చే గేటు. అప్పటికే ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. నాన్న బూడిదరంగు యూనిఫారంలో, కత్తి అంచులాంటి ఇస్త్రీ మడతలతో, చిన్న బల్ల వెనక నిలబడి ఉన్నాడు. బల్ల మీద కొత్త రిజిస్టరు. నా వెనక లైన్లో వంటగది ఆడవాళ్లు, బట్టలుతికేవాళ్లు, మందుల దుకాణం కుర్రాళ్లు. అందరూ ఒక్కసారిగా నోళ్లు మూసి చెవులు తెరిచారు.

"నాన్నా, నేనే," అన్నాను.

"ఎవరో నాకు తెలుసు. చెయ్యి చూపించండి."

ఎడమ చెయ్యి చాచాను. ఆయన దాన్ని చూడలేదు. చేతికి జానెడు పక్కన గాల్లోకి చూసి, "కనిపిస్తోంది," అని గొణుక్కుంటూ రాసుకున్నాడు. తర్వాత సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ఒంటిరంగు తొడుగు. మణికట్టు నుంచి మోచేతి దాకా సాగి పట్టే రకం.

"ఇది వేసుకుంటేనే లోపలికి. మేనేజరుగారి ఆర్డరు."

వేసుకున్నాను. అది చేతికి పాము కుబుసంలా అంటుకుంది. నాన్న రిజిస్టరులో ఆఖరి గడి కూడా నింపాడు. నాలుగు గడులు: పేరు, వచ్చిన వేళ, పచ్చబొట్టు కనిపిస్తోందా, తీసుకున్న చర్య. నా పేరుకెదురుగా ఆఖరి గడిలో 'కప్పించి పంపాను' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

ఆ ఎండాకాలం అలా మొదలైంది.

*

నా చేతి మీద ఉన్నవి చీమలు. పంతొమ్మిది. మణికట్టు దగ్గర బయలుదేరి, బారుగా, మోచేతి వైపు నడుస్తుంటాయి. ఆఖరిది ఒక్కటే కొంచెం వెనకబడి, తనకంటే పెద్ద గింజ మోస్తూ ఉంటుంది.

నా పని పిల్లల వార్డులో రక్తం తీయడం. సూది గుచ్చేముందు ప్రతి పిల్లకీ పిల్లాడికీ చెప్పే మాట ఒకటే, "ఏం లేదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది." రోజుకి నలభైసార్లు చెప్పేదాన్ని. ఎవరూ ఎదురడగలేదు, లెక్కల మేడమ్ వచ్చేదాకా.

లెక్కల మేడమ్ అంటే ఆరేళ్ల పిల్ల. ఒంట్లో రక్తం నిలవని జబ్బు. మూడు వారాలకోసారి వచ్చి ఎక్కించుకుని వెళ్లేది. కళ్లకి కనిపించినదల్లా లెక్కపెట్టేది. మంచాలు, ఫ్యాను రెక్కలు, సీసాలోంచి రాలే చుక్కలు. అందుకని ఆ పేరు. మొదటిసారి నేను చీమ సంగతి చెప్పగానే చుట్టూ చూసి, "ఏదీ చీమ?" అంది.

"ఉట్టినే అన్నాను."

"అబద్ధం చెప్పావు," అని ఆ పిల్ల మొహం తిప్పేసుకుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆ పిల్ల మళ్లీ వచ్చే రోజుకి పెన్నుతో నా మణికట్టు మీద చీమని గీసుకుని వెళ్లాను. ఆ పిల్ల దాన్ని చూసింది, "ఒకటి," అంది, చెయ్యి ఇచ్చింది. మూడు వారాల తర్వాత ఐదు గీశాను. ఆ తర్వాత పది. లెక్కపెడుతూ ఉంటే సూది సంగతి మర్చిపోయేది. మిగతా పిల్లలూ మాకూ కావాలని మొదలుపెట్టారు. ఏడో చీమ దగ్గర సూది లోపలికి వెళ్లేది. పంతొమ్మిదో చీమ దగ్గరికి వచ్చేసరికి మూడు గొట్టాలూ నిండేవి. అలా ఆ లెక్క దానంతటదే కుదిరింది.

చిక్కల్లా ఒకటే. మా వార్డులో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లేటప్పుడు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. రోజుకి నలభైసార్లు గీయడం, నలభైసార్లు చెరగడం. ఒక సెలవు రోజున పచ్చబొట్లు పొడిచే దుకాణానికి వెళ్లాను.

"పేరు రాయమంటారా? గులాబీపువ్వా?" అన్నాడు వాడు.

"చీమలు."

వాడు నన్నొకసారి, నా వెనక తోడెవరైనా వచ్చారేమోనని తలుపునొకసారి చూశాడు.

ఇంటికొచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుని వెలుతుర్లోకి లాగింది. "పంచదార డబ్బా మూత పెట్టడం మర్చిపోయినట్టుందే," అని నవ్వింది. నాన్న నవ్వలేదు.

"ఇరవై ఆరేళ్లు గేటులో నిలబడ్డాను. యూనిఫారం మీద ఒక మరక పడనివ్వలేదు," అన్నాడు కంచం ముందు కూర్చుని. "నా కూతురు ఒంటి మీదే మరకేసుకుని వచ్చింది."

అంతే. ఆ రోజు నుంచి ఏం కావాలన్నా అమ్మ ద్వారానే. "నీ కూతుర్ని గొడుగు తీసుకెళ్లమను." "మీ ఆయన్ని మందు వేసుకోమను." మధ్యలో అమ్మ, "నేనేమన్నా టపా బంట్రోతునా?" అని విసుక్కునేది, అయినా రెండువైపులా చేరవేసేది.

*

కొత్త మేనేజరు ఎండలతోపాటే వచ్చాడు. అంతకుముందు ఏదో పెద్ద హోటల్లో చేశాడట. మేమందరం ఆయన్ని హోటలాయన అనేవాళ్లం. వచ్చిన వారానికే పేషెంట్లు అనకూడదు, గెస్టులు అనాలన్నాడు. అంబులెన్సు డ్రైవరు ఆ మధ్యాహ్నమే ఎమర్జెన్సీ తలుపు దగ్గర, "గెస్టుని స్ట్రెచర్ మీద తెచ్చానండీ, సామాను లేదు, ఒక్కరే!" అని కేకేశాడు.

రెండో వారం నోటీసు అంటించారు. సిబ్బంది ఒంటి మీద పచ్చబొట్లు కనిపించకూడదు. డ్రైవరు మెడ మీద సింహం ఉండేది. పాపం, అంత ఎండలో మెడకి కట్టు కట్టుకుని తిరిగాడు. బండి ఎక్కిన ముసలాయన ఒకడు, "నా సంగతి తర్వాత, ముందు నువ్వు చూపించుకో నాయనా," అన్నాడట.

నేను నవ్వలేకపోయాను. నా పర్మనెంటు కాగితం హోటలాయన బల్ల మీద ఉంది. ఎండాకాలం చివర నాన్న రిటైరవుతాడు. మేం ఉండేది ఆసుపత్రి క్వార్టర్లో, లాండ్రీ వెనక రెండు గదులు. అమ్మ కాపురానికొచ్చింది అందులోకే, నేను పుట్టింది అందులోనే. నాన్న దిగిపోయేలోపు నేను పర్మనెంటయితే ఇల్లు నా పేరు మీదకి మారుతుంది. కాకపోతే ఖాళీ చెయ్యాలి. ఆ ఎండాకాలం మా ఇంట్లో పెద్దగా మాట్లాడని, అందరికీ తెలిసిన సంగతి అదే.

కాబట్టి తొడుగు వేసుకున్నాను. సంతోషంగా మాత్రం కాదు.

వార్డు తలుపు దగ్గర ఇంకో గండం, హెడ్ సిస్టర్. చేతిలో అడుగు పొడవు స్టీలు స్కేలు. లోపలికొచ్చే ప్రతివాళ్ల మోచేతిని దాంతో తట్టి, "మోచేతులు!" అనేది. మోచేతి కింద గాజు, గడియారం, ఉంగరం, బట్ట ఏదీ ఉండకూడదు. పెద్ద డాక్టరైనా సరే, పెద్ద డాక్టరు అత్తగారైనా సరే. నా చీమల్ని మొదటిసారి చూసినప్పుడు ముక్కు చిట్లించి, "ఒంటి మీద పురుగులు గీయించుకున్నదాన్ని నిన్నే చూశానే! కడిగితే పోతాయా?" అంది.

"పోవు సిస్టర్."

"అయితే నాకు అభ్యంతరం లేదు. పోయేవాటితోనే నాకు తంటా. నచ్చలేదు, అది వేరే విషయం."

తొడుగు చూడగానే స్కేలు దాని అంచు కింద పెట్టి, చచ్చిన ఎలుకని ఎత్తినట్టు పైకి ఎత్తింది. "తీయ్."

వరండాలో వేసుకోవడం, వార్డులో తీసేయడం. రోజుకి పధ్నాలుగుసార్లు. గేటు దగ్గర నాన్న 'కప్పించి పంపాను'. వార్డు దగ్గర సిస్టర్ 'తీయ్'. ఇద్దరి మధ్యా నా చెయ్యి గడియారం లోలకంలా ఊగింది. రెండు వారాలు అలాగే నెట్టుకొచ్చాను. ఆ తర్వాత హెడ్ సిస్టర్ కంటి ఆపరేషనుకని మూడు వారాలు సెలవు పెట్టింది.

మూడో రోజు హోటలాయన వార్డు అద్దంలోంచి నా ఖాళీ చెయ్యి చూశాడు. మధ్యాహ్నానికి ఆర్డరు వచ్చింది, వార్డు లోపల కూడా తొడుగు తీయకూడదని. సిస్టర్ స్థానంలో ఉన్న ఆవిడ మేనేజరు పేరు చెబితే నీళ్లు నమిలే రకం. "ఎందుకమ్మా గొడవ, ఉంచేసుకో," అంది.

ఉంచేసుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గే.

*

లెక్కల మేడమ్ వచ్చిన రోజు ఫ్యాన్లు కూడా వేడిగాలే విసురుతున్నాయి. మంచమెక్కి కూర్చుని నా చెయ్యి వంక చూసింది.

"చీమలేవీ?"

"లోపల నిద్రపోతున్నాయి."

"లేపు."

"మేనేజరుగారు లేపద్దన్నారు."

"సూది ఆయనకా, నాకా?"

వాళ్లమ్మ పక్కనుంచి, "ఊరుకోవే, అక్కకి పనుంది," అంది. నేను రబ్బరు పట్టీ కట్టాను. నరం దొరికింది. "ఒకటి, రెండు, మూడు అను చూద్దాం," అన్నాను. లెక్కపెట్టడానికి ఏమీ లేకుండా ఎలా లెక్కపెడుతుంది? ఆ పిల్ల కళ్లు సూది మీద పడ్డాయి. చెయ్యి లాగేసుకుంది. సూది ఊడివచ్చింది. రెండోసారి గుచ్చాను, తప్పింది. మూడోసారికి నరం చిక్కింది కానీ అప్పటికి దుప్పటి మీదా నేల మీదా చుక్కలు. ఆరేళ్ల ఉద్యోగంలో నేనెప్పుడూ మూడుసార్లు గుచ్చలేదు.

ఆ పిల్ల ఏడుపు ఆపుకుని, కళ్లు తుడుచుకుని, చాలా మర్యాదగా చెప్పింది. "నువ్వు చీమలక్కవి కాదు."

రబ్బరు గ్లౌజులు పారేశాను. చేతులు కడుక్కున్నాను, మణికట్టు దాకా. అక్కడి నుంచి పైకి బట్ట ఉంది కదా.

తర్వాతి మంచం అద్దాల గదిలో. నాలుగేళ్ల పిల్లాడు. ఎవరైనా తుమ్మితే కూడా వాడికి ప్రమాదమే, అంత తక్కువగా ఉంది ఒంట్లో కాపుదల. పడుకోబెట్టి, వాడి పక్కన నా ముంజేతిని ఆన్చి పట్టీ కట్టాను. చెయ్యి ఎత్తేసరికి తెల్ల దుప్పటి మీద ఎర్రగా ఒక మరక. కందిగింజంత.

వాడికి నేనింకా సూదే గుచ్చలేదు.

మెల్లగా నా చెయ్యి తిప్పి చూసుకున్నాను. తొడుగు కింది అంచున, ఒంటిరంగు బట్ట మీద, లెక్కల మేడమ్ రక్తం. ఇంకా తడి ఆరలేదు.

నేను గట్టిగా అరవలేదు. దుప్పటి మార్చాను. తొడుగు తీసి సంచీలో వేసి మూతి కట్టాను. మోచేతుల దాకా మూడుసార్లు కడిగాను. డ్యూటీ డాక్టరు దగ్గరికెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నా వైపు కాగితం జరిపి, "రాసివ్వండి," అన్నాడు. రాసిచ్చాను.

ఆ సాయంత్రానికి పిల్లాడికి జ్వరం వచ్చింది. మూడు రోజులుంది. నాలుగోనాడు తగ్గింది. అది తొడుగు వల్ల వచ్చిందో, మామూలుగా వచ్చిందో ఎవరూ తేల్చలేదు. తేల్చలేదు కాబట్టే దాన్ని నేను మర్చిపోలేదు.

*

జ్వరం తగ్గిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి, గేటులో బదులుగా ఇచ్చిన రెండో తొడుగు తీసి, అమ్మ కుట్టు కత్తెరతో నిలువునా కోశాను. అమ్మ బియ్యం ఏరుతోంది. నాన్న పక్కగదిలో బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. బ్రష్ చప్పుడు వినిపిస్తోంది.

"అదేంటే?" అంది అమ్మ.

"రేపటి నుంచి ఖాళీ చేత్తోనే వెళ్తాను. మీ ఆయనతో చెప్పు."

"ఆయన వింటూనే ఉన్నాడుగా."

"అయినా చెప్పు."

బ్రష్ చప్పుడు ఆగింది. "ఆర్డరు ఆర్డరే," అంది నాన్న గొంతు. "గేటులో ఆపుతానని నీ కూతురితో చెప్పు."

"ఆపమని చెప్పు. రోజూ వస్తాను, రోజూ ఆపమను. అక్కడే ఎండలో నిలబడతాను. వార్డులోకి మాత్రం బట్టతో అడుగుపెట్టను."

"ఇల్లు పోతుందని చెప్పు."

అమ్మ చాట కింద పెట్టేసింది. "ఇల్లు పోతుందట," అంది నాతో. కళ్లు మాత్రం గోడ వైపున్నాయి. ఆ గోడ మీద నా ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

నేను జరిగిందంతా చెప్పాను. మూడు పోట్లు, దుప్పటి మీద మరక, మూడు రోజుల జ్వరం. అమ్మకే చెప్పాను, కాస్త గట్టిగా. "నేను గీయించుకున్నది ఎవరి ఒంటికీ అంటదమ్మా. ఆయన కప్పించింది అంటింది. మరకంటే ఏదో నువ్వే చెప్పు."

పక్కగదిలో బ్రష్ చప్పుడు మళ్లీ మొదలైంది. చాలా నెమ్మదిగా.

*

మర్నాడు ఏడుంపావు. గేటు. లైన్లో నా ముందు నలుగురు. అందరికీ ముందే తెలిసిపోయింది. లాండ్రీ పక్కన కాపురముంటే గోడలకి చెవులే కాదు, నోళ్లు కూడా ఉంటాయి.

అంబులెన్సు డ్రైవరు నా వెనక నిలబడి, "చెల్లెమ్మా, పెద్దాయన ఆపితే నా బండెక్కు. గెస్టుగా లోపలికి తీసుకుపోతా," అని చెవిలో ఊదాడు.

నా వంతు వచ్చింది.

"చెయ్యి చూపించండి."

చాచాను. ఈసారి నాన్న కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. పక్కన గాల్లోకి చూడలేదు. నా చేతినే చూశాడు. మణికట్టు దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి. పెదవులు కదులుతున్నాయి. వెనక లైన్లో ఎవరో దగ్గారు. ఆయన తొందరపడలేదు. మధ్యలో లెక్క తప్పినట్టుంది, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు.

తర్వాత రిజిస్టరు వైపు వంగి రాశాడు. పేరు. వేళ. మూడో గడిలో 'కనిపిస్తోంది'. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగింది. ఆ గడిలో ఏం రాయాలో హోటలాయన అచ్చు వేయించి మరీ ఇచ్చాడు. కప్పించి పంపాను, లేదా వెనక్కి పంపాను. మూడోది లేదు.

నాన్న రాసి, కింద సంతకం పెట్టాడు. తలకిందులుగా చదివాను. 'లోపలికి పంపాను.'

"ఆ గింజ మోసేదాన్ని కూడా కలిపితేనే పంతొమ్మిది," అన్నాడు తలెత్తకుండానే. "పదవే. పిల్లలు కాచుకుని ఉంటారు."

*

పదకొండింటికి ఇద్దర్నీ పిలిచారు. హోటలాయన గదిలో చలి. రిజిస్టరు ఆయన ముందు తెరిచి ఉంది.

"కనిపిస్తోంది. లోపలికి పంపాను. ఈ రెండూ ఒకే వరసలో ఎలా ఉంటాయి?" అన్నాడు.

"రెండూ నిజమేనండి," అన్నాడు నాన్న.

"మీ పని ఆపడం."

"ఆపానండి. చూశాను. రాశాను. పంపాను."

"కూతురని వదిలేశారు."

"కూతురని మొదటి రోజు ఆపానండి. రక్తం తీసే మనిషని ఇవాళ పంపాను."

హోటలాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "రిటైరవడానికి నెలన్నర ఉంది. ఇరవై ఆరేళ్ల సర్వీసుకి చివర్లో ఒక మెమో కావాలా?"

"ఇవ్వండి. రాసిస్తే తీసుకుంటాను. రాతంటే నాకు గౌరవం."

ఆయన నా వైపు తిరిగాడు. ఒక కాగితం తీసి చదివాడు. ఎవరో పిల్లాడి బంధువు ఇచ్చిన ఫిర్యాదు. 'చేతినిండా పచ్చబొట్లున్న అమ్మాయి. చూస్తే రౌడీలా ఉంది.'

"రౌడీలు చీమలు వేయించుకుంటారా సార్?" అన్నాను.

ఆయన మూతి ఒక పక్కకి కదిలింది. వెంటనే సర్దుకున్నాడు. "చూడమ్మా, నాకు మీ మీద కోపం లేదు. గెస్టుకి మొదట కనిపించేది మన రూపం. ఈ హామీపత్రం మీద సంతకం పెట్టండి. డ్యూటీలో ఎప్పుడూ తొడుగు తీయనని. మీ పర్మనెంటు ఫైలు ఈ వారమే కదులుతుంది. లేదంటే..." చేతులు విప్పి చూపించాడు.

పెన్ను నా ముందుంది. ఆ పెన్ను వెనక రెండు గదులు, పెన్సిల్ గీతలున్న గోడ, అమ్మ. నాన్న వైపు చూశాను. ఆయన ఎదురుగా గోడని చూస్తూ, గేటులో నిలబడ్డట్టే నిలబడి ఉన్నాడు.

"సంతకం పెడతాను సార్. దాని కింద ఇంకో వరస రాయండి. ఈ తొడుగు వల్ల ఏ పిల్లకైనా ఏమైనా అయితే బాధ్యత మీదని. మీరూ పెట్టండి సంతకం. ఇద్దరం ఒకేసారి పెడదాం."

ఆయన పెన్ను ముట్టుకోలేదు.

"నేనూ పెట్టను," అన్నాను. "ఫైలు ఆపుకోండి."

అప్పుడే తలుపు తెరుచుకుంది. కొట్టకుండా లోపలికొచ్చేది ఆసుపత్రి మొత్తంలో ఒక్కరే. హెడ్ సిస్టర్. ఆపరేషను చేసిన కంటికి నల్ల కళ్లజోడు, చేతిలో స్కేలు. సెలవింకా నాలుగు రోజులుంది.

"నేను లేనప్పుడు నా వార్డులోకి బట్ట తెచ్చారట. డాక్టరుగారు ఫోన్ చేసి చెప్పారు," అంది. "ఒంటి కన్నుతో వచ్చాను. రండి మేనేజరుగారూ, వార్డులో చేతులెందుకు కడుక్కుంటామో చూపిస్తాను."

"చూద్దాం పదండి," అన్నాడాయన, ఒక ఆడమనిషి పిలిస్తే వెనకాడతాననుకుందేమోనన్నట్టు.

నలుగురం నడిచాం. వార్డు తలుపు దగ్గర ఆవిడ ఆగి, స్కేలు అడ్డం పెట్టింది.

"మోచేతులు."

ఆయన పూర్తి చేతుల చొక్కా, మణికట్టు దగ్గర మెరిసే బొత్తాలు, లావుపాటి గడియారం. "నేను రక్తం తీయడానికి రాలేదు," అన్నాడు.

"మీరు ఎందుకొచ్చారో క్రిములకి తెలీదు. మోచేతులు."

అద్దం వెనక పిల్లలు పోగయ్యారు. ఒకడు ముక్కు అద్దానికి ఆన్చి చూస్తున్నాడు. హోటలాయన బొత్తాం మీద చెయ్యి వేశాడు. మా వైపు చూశాడు. గడియారం చూసుకున్నాడు. ఏదో మీటింగు గుర్తొచ్చినట్టు గొణిగి, వచ్చినదారినే వెళ్లిపోయాడు. ఆ ఎండాకాలమంతా ఆయన మా వార్డులో అడుగుపెట్టలేదు.

హెడ్ సిస్టర్ స్కేలు నా వైపు తిప్పి, మోచేతి మీద ఠక్కుమని తట్టింది. "ఆ పురుగులు నాకు ఇప్పటికీ నచ్చలేదు. లోపలికి నడు."

*

మెమో వచ్చింది. నాన్న దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, తన ఇనప్పెట్టెలో అట్టడుగున పెట్టాడు. "పెళ్లినాటి ఫోటో పక్కన పెట్టాడు చూడు, ఏమంత ముద్దొచ్చిందో!" అంది అమ్మ.

ఆర్డరుని ఎవరూ రద్దు చేయలేదు. నోటీసు గోడ మీదే ఉంది. రిజిస్టరూ గేటులోనే ఉంది. నాన్న రోజూ 'చెయ్యి చూపించండి' అనేవాడు, రోజూ చూసేవాడు, రోజూ రాసేవాడు. కనిపిస్తోంది. లోపలికి పంపాను. వారం తిరక్కుండా డ్రైవరు మెడ కట్టు విప్పేశాడు. సింహం కట్టు కింద చెమటకి కాస్త కమిలింది. కనిపిస్తోంది. లోపలికి పంపాను. వంటగదిలో ఒకావిడ చేతి మీద మొగుడి పేరుందని అప్పుడే తెలిసింది. కనిపిస్తోంది. లోపలికి పంపాను.

లెక్కల మేడమ్ మళ్లీ వచ్చింది. నా చెయ్యి తిప్పి తిప్పి చూసి, అన్నీ ఉన్నాయని తేల్చుకుని, చెయ్యి ఇచ్చింది. ఏడో చీమ దగ్గర సూది వెళ్లింది. పంతొమ్మిది దగ్గర ఆగి, "ఇది ఆ బరువు మోసుకుని ఎప్పటికి చేరుతుందక్కా?" అంది.

"చేరుతుందిలే. తొందరేముంది?"

నా పర్మనెంటు కాగితం ఆ ఎండాకాలం రాలేదు. తర్వాతెప్పుడైనా వచ్చిందా అంటే, అది ఇంకో కాలం కథ. తొలి వానకి రెండు రోజుల ముందు నాన్న రిటైరయ్యాడు. ఆ రోజు కూడా రిజిస్టరు రాసి, పెన్ను మూత పెట్టి, దాన్ని బల్ల సొరుగులోనే వదిలేసి వచ్చాడు. మర్నాడు ఆదివారం ఇల్లు ఖాళీ చేశాం. ఒక ప్రింటింగ్ ప్రెస్ మీద రెండు గదులు అద్దెకి దొరికాయి. పగలంతా కింద యంత్రం కొట్టుకుంటూ ఉంటే నేల వణికేది. సామాను దించాక నాన్న, నేను మంచం ఎటువైపు వేయాలని వాదించుకుంటుంటే అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మీరిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టాక నాకు ఉద్యోగం పోయింది," అంది.

సోమవారం పొద్దున ఏడుంపావుకి గేటు దగ్గరికి వెళ్లాను. సన్నగా చినుకులు. బల్ల వెనక కొత్త కాపలాదారు. యాభై ఏళ్లుంటాయి, బుర్రమీసాలు, ఇంకా ఇస్త్రీ మడత పడని యూనిఫారం. నన్ను చూడలేదు, నా చెయ్యి చూశాడు. వెంటనే గోడ మీది నోటీసు చూశాడు.

"ఆగండి," అన్నాడు.

ఆగాను. చెయ్యి చాచి ఉంచాను. కప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు, వెనక్కి వెళ్లే ఉద్దేశమూ లేదు.

ఆయన పేరు రాశాడు. వేళ రాశాడు. 'కనిపిస్తోంది' అని రాశాడు. నాలుగో గడి దగ్గర పెన్ను గాల్లో నిలిచిపోయింది. అటూ ఇటూ చూశాడు, చెప్పేవాళ్లెవరూ లేరు. అప్పుడు, ఏం రాయాలో తోచని కాపలావాళ్లందరూ చేసే పనే చేశాడు. వేలు తడిచేసుకుని పేజీ వెనక్కి తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. ఇంకోటి. నలభై రోజుల పేజీలు, ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రతి వరస కిందా ఒకే సంతకం.

మళ్లీ కొత్త పేజీకి వచ్చి, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, వంకరటింకరగా రాశాడు.

"పదండమ్మా," అన్నాడు.

చేతిరాత మా నాన్నది కాదు. మాటలు మాత్రం ఆయనవే.